ఐబీడీలో ఏ పథ్యం, ఏ సప్లిమెంట్? పేగు ఉన్న స్థితిని బట్టి ఎంచుకునే పద్ధతి

ఐబీడీ అంటే పేగులో వాపు ఏళ్ల తరబడి సాగే వ్యాధులు. వాటిలో పేగులో ఎక్కడైనా రాగల క్రోన్స్ వ్యాధి అనో, పెద్దపేగుకే వచ్చే అల్సరేటివ్ కొలైటిస్ అనో తేలగానే చాలామంది అడిగే మొదటి మాట మందుల గురించి కాదు, తిండి గురించి. ఇక మీదట ఏం తినొచ్చు, ఏం మానేయాలి? సలహాలకు కొదవ ఉండదు. ఒకరు పాలు మానేయమంటారు, ఒకరు గోధుమలు మానేయమంటారు, మరొకరు ప్రోబయోటిక్స్, అంటే మేలుచేసే బ్యాక్టీరియా ఉన్న మాత్రలు వాడితే చాలంటారు. ఈ సలహాల్లో చాలావరకు ఎవరో ఒకరికి పనిచేసినవే. కాకపోతే ఆ మనిషికి వ్యాధి పేగులో ఎక్కడ ఉంది, అప్పుడు ఉధృతంగా ఉందా నెమ్మదించిందా, పక్కన ఏ మందు నడుస్తోంది అన్నవి మాత్రం సలహాతో పాటు రావు.

అందుకే ఏ పథ్యాన్నైనా, ఏ మాత్రనైనా ఒకే ప్రశ్నతో తూచి చూడాలంటాను. ఇది బాధను తగ్గించేదా, పేగులోని వాపును తగ్గించేదా, లేక ఒంట్లో తగ్గిపోయినదాన్ని భర్తీ చేసేదా? ఉబ్బరం తగ్గినంత మాత్రాన పుండ్లు మానినట్టు కాదు. పుండ్లు మానినా ఐరన్ అడుగంటి ఉంటే నీరసం పోదు. ఒక పనికి పుట్టినదాన్ని ఇంకో పనికి వాడి, నెలల తరబడి నోరు కట్టుకుని, చివరికి ఏమీ మిగలక బాధపడేవారిని చూస్తే మనసు చివుక్కుమంటుంది.

ముందు చేతిలో ఉండాల్సిన సమాచారం

వ్యాధి చిన్నపేగులోనా, పెద్దపేగులోనా, రెండింటిలోనా? పేగు ఎక్కడైనా ఇరుకైందా? గత ఆరు నెలల్లో బరువు ఎంత తగ్గింది? ఇప్పుడు వాపు ఉందా, లేదా? ఈ చివరి ప్రశ్నకు కడుపు చెప్పే జవాబును పూర్తిగా నమ్మలేం. క్రోన్స్‌లో పెద్దగా బాధ లేకుండానే లోపల వాపు కొనసాగవచ్చు. అటు పేగు చక్కగా మానినా ఉబ్బరం, నొప్పి, విరేచనాలు వదలని వారూ ఉన్నారు. పేగులో వాపు ఉంటే మలంలో పెరిగే కాల్‌ప్రొటెక్టిన్ అనే ప్రొటీన్ పరీక్ష ఈ రెండింటినీ వేరు చేయడానికి బాగా పనికొస్తుంది. సాధారణంగా గ్రాముకు 50 మైక్రోగ్రాముల లోపు ఉంటే నిశ్చింత, 250 దాటితే వాపు చురుగ్గా ఉందని అనుమానించాలి, మధ్యలో ఉంటే మళ్లీ చేయించి చూడాలి. పథ్యం మొదలుపెట్టే ముందు ఈ అంకె ఒకటి రాసిపెట్టుకోండి. తర్వాత పోల్చుకోవడానికి అదే ఆధారం.

ఇంకో మాట ఇక్కడే చెప్పాలి. అల్సరేటివ్ కొలైటిస్‌లో ఆహారం ఒక్కదానితోనే వాపును అణచగలమని చెప్పేంత గట్టి ఆధారం లేదు. క్రోన్స్‌లో కొన్ని పథ్యాలకు ఉంది. ఏ వ్యాధిలోనైనా పథ్యం మొదలుపెట్టాం కదా అని డాక్టర్‌తో మాట్లాడకుండా మందులు ఆపేయకూడదు. మందు ఆపిన కొన్నాళ్ల వరకు బాగానే అనిపిస్తుంది, ఆ హాయి పథ్యం వల్లే వచ్చిందనిపిస్తుంది. ఆ తర్వాత తిరగబెడితే, కొన్ని మందులు మళ్లీ మొదలుపెట్టినా మునుపటిలా పనిచేయకపోవచ్చు.

వాపును తగ్గించే పథ్యాలు: ఫార్ములా ఒక్కటే, లేదా ఫార్ములాతో పాటు ఎంచిన తిండి

ఆహారంతో చేసే చికిత్సల్లో అన్నింటికన్నా గట్టి ఆధారం ఉన్నది ఎక్స్‌క్లూజివ్ ఎంటరల్ న్యూట్రిషన్. ఆరు నుంచి ఎనిమిది వారాల పాటు మామూలు తిండి పూర్తిగా ఆపేసి, అన్ని పోషకాలూ ఉన్న ద్రవ ఫార్ములా మీదే ఉండటం. క్రోన్స్ ఉన్న పిల్లల్లో ఇది సుమారు 80 శాతం మందిని ఉపశమన దశకు తెస్తుంది, అదీ స్టెరాయిడ్ లేకుండా. ఎదిగే వయసులో స్టెరాయిడ్ ఎదుగుదలను దెబ్బతీస్తుంది, ఫార్ములా ఎదుగుదలకు తోడవుతుంది. తేలికపాటి నుంచి మధ్యస్థ స్థాయి క్రోన్స్ ఉన్న పిల్లలకు యూరప్ వైద్య మార్గదర్శకాలు దీన్నే మొదటి చికిత్సగా సూచించడానికి కారణం అదే. పెద్దపేగుకే పరిమితమైన అల్సరేటివ్ కొలైటిస్‌లో దీనికి ఆ స్థానం లేదు.

ఫార్ములాల్లో ప్రొటీన్‌ను పూర్తిగా విడగొట్టినవి, మామూలు ప్రొటీన్ ఉన్నవి అని రకాలున్నాయి. విడగొట్టినవి ఎక్కువ పనిచేస్తాయని చాలామంది అనుకుంటారు గానీ, పోల్చి చూసినప్పుడు ఫలితంలో తేడా కనబడలేదు. రుచిలో మాత్రం తేడా చాలా ఉంటుంది. మామూలు ప్రొటీన్ ఉన్నదాన్నే ఎంచుకోండి, తాగగలిగినదే పనిచేస్తుంది.

కాగితం మీద తేలిక, ఇంట్లో కష్టం. మొదటి మూడు నాలుగు రోజులు వికారంగా ఉంటుంది, ఆకలి వేసినట్టే ఉండి తాగబుద్ధి కాదు. బాగా చల్లబరిచి, మూత ఉన్న గ్లాసులో పోసి, స్ట్రాతో గుక్కగుక్కగా రోజంతా తాగితే వాసన ముక్కుకు తగలదు, కడుపు బిగదీయదు. ఇంట్లో అందరూ భోజనానికి కూర్చునే వేళ పిల్లవాడిని పక్క గదిలోకి పంపాలా, పక్కనే కూర్చోబెట్టుకోవాలా అన్నది పిల్లవాడినే అడగండి. కొందరికి ఆ వాసనే భరించరానిది, కొందరికి వేరుగా కూర్చోవడమే ఎక్కువ బాధ. నోటితో తాగలేని పిల్లలకు ముక్కు ద్వారా సన్నని గొట్టం వేసి రాత్రిళ్లు ఎక్కిస్తారు. అది ఓటమి కాదు, చికిత్సలో ఒక మార్గం. బాగా బరువు తగ్గి చిక్కిపోయిన మనిషికి ఒక్కసారిగా పూర్తి కేలరీలు ఇస్తే రక్తంలో ఫాస్ఫేట్, పొటాషియం, మెగ్నీషియం ప్రమాదకరంగా పడిపోవచ్చు. అలాంటివారికి రక్తపరీక్షలు చూసుకుంటూ మెల్లగా పెంచాలి. ఇంట్లో సొంతంగా మొదలుపెట్టే పని కాదు.

సగం ఫార్ములా, సగం ఇష్టమైన తిండి అయితే సరిపోదా? సరిపోదు. 2006లో వచ్చిన ఒక పిల్లల అధ్యయనంలో పూర్తి ఫార్ములా తీసుకున్నవారిలో 42 శాతం మంది ఉపశమనం పొందితే, సగం ఫార్ములాతో మామూలు తిండి తిన్నవారిలో 15 శాతమే పొందారు. ఫార్ములాలో ఏముంది అన్నది ఎంత ముఖ్యమో, మామూలు తిండిలోంచి ఏం తీసేశాం అన్నదీ అంతే ముఖ్యమేమో అన్న ఆలోచన ఇలాంటి ఫలితాల నుంచే బలపడింది.

క్రోన్స్ డిసీజ్ ఎక్స్‌క్లూజన్ డైట్ ఆ ఆలోచన మీదే నిలబడింది. మొదటి ఆరు వారాలు సగం కేలరీలు ఫార్ములా నుంచి, మిగతా సగం కచ్చితంగా ఎంచిన తిండి నుంచి. కోడి రొమ్ము మాంసం, గుడ్లు, వండి చల్లార్చిన బంగాళాదుంపలు, అరటిపండ్లు, ఆపిల్ రోజూ తప్పనిసరి. గోధుమలు, పాల పదార్థాలు, ప్యాకెట్‌లో వచ్చే తయారీ తిండి ఉండవు. తర్వాతి ఆరు వారాల్లో ఫార్ములా పావు వంతుకు తగ్గి, తిండి రకాలు పెరుగుతాయి. 2019లో వచ్చిన అధ్యయనంలో ఆరో వారానికి ఈ పథ్యానికీ, పూర్తి ఫార్ములాకూ మధ్య నమ్మదగ్గ తేడా లేదు. పన్నెండో వారానికి మాత్రం ఈ పథ్యంలో ఉన్న పిల్లల్లో సుమారు 76 శాతం మంది స్టెరాయిడ్ లేకుండా ఉపశమనంలో ఉంటే, పూర్తి ఫార్ములాతో మొదలుపెట్టి తర్వాత మామూలు తిండికి మళ్లిన వారిలో 45 శాతం మందే ఉన్నారు. పథ్యాన్ని తట్టుకున్నవారు కూడా ఇందులోనే ఎక్కువ, 97.5 శాతం. అవతల 73.6.

నన్నడిగితే, పిల్లవాడు చాలా చిక్కిపోయి వ్యాధి ఉధృతంగా ఉంటే ముందు పూర్తి ఫార్ములా. వ్యాధి ఓ మాదిరిగా ఉండి, పన్నెండు వారాలు దగ్గరుండి వండిపెట్టే మనిషి ఇంట్లో ఉంటే ఎక్స్‌క్లూజన్ డైట్. పెద్దవారిలో ఆరు వారాలు ఫార్ములా మీదే ఉండగలిగేవారు తక్కువ, అందుకే వారికీ రెండోదే ఎక్కువ అనువు. ఆపరేషన్‌కు ముందు ఒంట్లో సత్తువ పెంచడానికి మాత్రం పెద్దవారికి కూడా ఫార్ములా మంచి ఎంపిక.

ఏళ్ల తరబడి సాగే తిండి: మెడిటరేనియన్ డైట్, ఎస్‌సీడీ

స్పెసిఫిక్ కార్బోహైడ్రేట్ డైట్, పొట్టిగా ఎస్‌సీడీ, ధాన్యాలన్నింటినీ, పంచదారను, చాలా రకాల పిండి పదార్థాలను తీసేస్తుంది. తీపికి తేనె, పెరుగు ఇంట్లోనే 24 గంటలు తోడుపెట్టినది. మొదట సీలియాక్ వ్యాధి (గోధుమలోని గ్లూటెన్ అనే ప్రొటీన్ పడని జబ్బు) ఉన్న పిల్లల కోసం వైద్యుడు సిడ్నీ హాస్ రూపొందించిన ఈ పథ్యాన్ని, తన కూతురికి కొలైటిస్ వచ్చాక ఎలైన్ గాట్‌షాల్ ప్రచారంలోకి తెచ్చారు. దీన్ని ప్రాణంగా నమ్మేవారున్నారు, వారి అనుభవాన్ని నేను కొట్టిపారేయను.

అయితే 2021లో ఎస్‌సీడీని, మెడిటరేనియన్ డైట్‌ను నేరుగా పోల్చారు. తేలికపాటి నుంచి మధ్యస్థ లక్షణాలున్న 194 మంది క్రోన్స్ రోగులు, ఆరు వారాలు. ఎస్‌సీడీలో 46.5 శాతం మందికి, మెడిటరేనియన్‌లో 43.5 శాతం మందికి లక్షణాలు సద్దుమణిగాయి. అంటే తేడా లేనట్టే. కాల్‌ప్రొటెక్టిన్ తగ్గడంలో కూడా రెండూ ఇంచుమించు ఒకటే, దాదాపు మూడో వంతు మందిలో. ఫలితం సమానమైనప్పుడు తేలికైనదాన్ని ఎంచుకోవడమే వివేకం. కూరగాయలు, పండ్లు, చేపలు, పప్పులు, ముడి ధాన్యాలు, ఆలివ్ నూనె, తక్కువ మాంసం, తక్కువ పంచదార: మెడిటరేనియన్ డైట్ అంటే ఇంతే. దీన్ని ఇంటిల్లిపాదీ తినొచ్చు, బయట కూడా దొరుకుతుంది, పోషకాల లోటు రాదు. అమెరికా జీర్ణకోశ వైద్యుల సంఘం కూడా 2024లో, తినకూడని ప్రత్యేక కారణం లేని ఐబీడీ రోగులందరికీ దీన్నే సూచించింది.

లక్షణాల కోసమే వాడేది: లో ఫోడ్‌మ్యాప్

ఆస్ట్రేలియాలోని మొనాష్ విశ్వవిద్యాలయం నుంచి ప్రచారంలోకి వచ్చిన ఈ పథ్యంలో ఉల్లి, వెల్లుల్లి, గోధుమ, కొన్ని పండ్లు, పప్పులు, పాల చక్కెర లాంటివి కొన్ని వారాలు తగ్గిస్తారు. పేగులో త్వరగా పులిసి గాలిని పుట్టించే పిండి పదార్థాలు వీటిలో ఎక్కువ. వ్యాధి నెమ్మదించినా ఉబ్బరం వదలని 52 మంది మీద 2020లో వచ్చిన అధ్యయనంలో, ఈ పథ్యం పాటించిన వారిలో 52 శాతం మంది తగినంత ఊరట పొందారు, ఉత్తుత్తి పథ్యం పాటించిన వారిలో 16 శాతమే. వాపు సూచికలు మాత్రం మారలేదు. పైగా పేగులో మేలుచేసే కొన్ని బ్యాక్టీరియా తగ్గాయి.

కాబట్టి కాల్‌ప్రొటెక్టిన్ ఎక్కువగా ఉన్నప్పుడు దీన్ని ఎంచుకోవడం తప్పు. లోపల వ్యాధి సాగుతూ ఉంటే పైకి హాయిగా అనిపిస్తుంది. వాపు లేదని తేలాక, డైటీషియన్ సాయంతో నాలుగు నుంచి ఆరు వారాలు చేసి, ఆపిన పదార్థాలను ఒక్కొక్కటిగా తిరిగి తెచ్చుకోవాలి. జీవితాంతం చేసేది కాదు. ఇప్పటికే బరువు తగ్గుతున్నవారికి అసలు వద్దు.

పీచు, ప్యాకెట్ తిండి

పీచు విషయంలో భయం అవసరానికి మించి పాతుకుపోయింది. పేగు ఇరుకైన వారికి ఆ భయం సబబే. గింజలు, తొక్కలు, నారలు, పచ్చి ఆకుకూరలు, జొన్నపొత్తులు ఇరుకుదారిలో అడ్డుపడి, తిన్న కాసేపటికి మెలిపెట్టే నొప్పి, పొట్ట ఉబ్బడం, వాంతులు తెస్తాయి. వారు తొక్క తీసి, మెత్తగా ఉడికించి, మెదిపి తినాలి. పీచు పూర్తిగా మానక్కర్లేదు, దాని రూపం మారిస్తే చాలు. ఆపిల్‌ను తొక్క తీసి ఉడికిస్తే గుజ్జులోని కరిగే పీచు అలాగే ఉంటుంది, చిక్కుకునే భాగమే పోతుంది. ఇరుకు లేని క్రోన్స్ రోగులు, అందునా వ్యాధి నెమ్మదించినవారు, ఎవరో చెప్పారని కూరగాయలు, పండ్లు మానేస్తే నష్టమే తప్ప లాభం లేదు.

ప్యాకెట్ తిండి విషయంలో అనుమానం రోజురోజుకూ బలపడుతోంది. కార్బాక్సీ మిథైల్ సెల్యులోజ్, పాలీసార్బేట్ 80 అనే ఎమల్సిఫయర్లు (నూనె, నీరు విడిపోకుండా కలిపి ఉంచే పదార్థాలు) ఎలుకల పేగులో శ్లేష్మపు పొరను పలచబరచి వాపును పెంచినట్టు 2015లో తేలింది. లేబుల్ మీద వీటి సంకేత సంఖ్యలు 466, 433. ఇలాంటిదే మరో పదార్థం కారాజీనన్‌ది 407. అయితే క్రోన్స్‌ను తగ్గించే ఫార్ములాల్లో కూడా కొన్నింటిలో ఇలాంటి పదార్థాలు ఉన్నాయి, అయినా అవి పనిచేస్తున్నాయి. అందుకే ఒక్కో సంఖ్యనూ శత్రువులా వెంటాడకండి. ఇంట్లో వండిన తిండిని పెంచి ప్యాకెట్లను తగ్గిస్తే ఇవన్నీ వాటంతటవే తగ్గుతాయి.

పాలు పడనివారు లాక్టోజ్ లేని పాలు, పెరుగు చూసుకోవచ్చు, కాల్షియం మాత్రం వదులుకోకూడదు. సీలియాక్ లేనివారికి గ్లూటెన్ మానేస్తే ఐబీడీ తగ్గుతుందనడానికి గట్టి ఆధారం లేదు.

సప్లిమెంట్లు: రక్తపరీక్ష చెప్పినవి ముందు

షాపులో వరసగా కనబడే సీసాల్లో నిజంగా మీ జీవితాన్ని మార్చగలిగినవి చాలా మామూలువి. వాటిలో మొదటిది ఐరన్. హిమోగ్లోబిన్ ఒక్కటే చూసి వదిలేయకండి, ఒంట్లో ఐరన్ నిల్వను చెప్పే ఫెరిటిన్ కూడా చూడాలి. వాపు లేనప్పుడు 30 లోపు ఉంటే లోటు అంటారు. వాపు ఉన్నప్పుడు ఫెరిటిన్ దానంతటదే పెరిగి మోసం చేస్తుంది కాబట్టి 100 వరకు ఉన్నా లోటు ఉండొచ్చు. ఇక మాత్రా, ఇంజెక్షనా? వ్యాధి నెమ్మదించి, రక్తహీనత కొద్దిగానే ఉంటే మాత్ర సరిపోతుంది, రోజుకు అసలు ఐరన్ 100 మిల్లీగ్రాములు మించనక్కర్లేదు. ఎక్కువ వేసుకుంటే ఒంటబట్టకుండా పేగులోనే మిగిలి కడుపును తిప్పుతుంది. వాపు చురుగ్గా ఉంటే హెప్సిడిన్ అనే హార్మోన్ పేగు తలుపు మూసేస్తుంది, మాత్ర వృథా. హిమోగ్లోబిన్ 10 కంటే తగ్గినా, మాత్ర పడకపోయినా, వ్యాధి ఉధృతంగా ఉన్నా రక్తనాళం ద్వారా ఎక్కించుకోవడమే మేలు.

మాత్ర మొదలుపెట్టాక మలం ముదురు ఆకుపచ్చగానో నల్లగానో మారుతుంది. ఐబీడీ ఉన్నవారు దాన్ని చూసి రక్తం పడుతోందని హడలిపోతారు. ఐరన్ వల్ల వచ్చే నలుపు మామూలు గట్టి మలంలాగే ఉంటుంది. పై పేగులో రక్తస్రావమైతే తారులా జిగటగా, మెరుస్తూ, భరించరాని వాసనతో ఉంటుంది. రెండోది కనబడితే ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

బీ12 ఒంటబట్టేది చిన్నపేగు చివరి భాగంలో. క్రోన్స్ తరచూ దెబ్బతీసేదీ అక్కడే. ఆ భాగం 20 సెంటీమీటర్ల కంటే ఎక్కువ కోసి తీసినవారికి లోటు దాదాపు ఖాయం, జీవితాంతం భర్తీ చేసుకోవాలి. కాలేయంలో నిల్వ ఏళ్ల తరబడి నెట్టుకొస్తుంది కాబట్టి లోటు ఆలస్యంగా బయటపడుతుంది. పాదాల్లో తిమ్మిర్లు, నాలుక మంట కనబడే దాకా ఆగకుండా ఏడాదికోసారి పరీక్ష చేయించండి. కొలైటిస్ మాత్రమే ఉండి చిన్నపేగు బాగున్నవారికి బీ12 సప్లిమెంట్ అవసరం తక్కువ.

విటమిన్ డి లోటు ఐబీడీలో చాలా మామూలు. స్టెరాయిడ్ వాడేవారు ఎముకల కోసం కాల్షియం, డి రెండూ తీసుకోవాలి. డి వ్యాధి తిరగబెట్టకుండా ఆపుతుందా? 2010లో క్రోన్స్ రోగుల మీద జరిగిన అధ్యయనంలో రోజుకు 1200 యూనిట్లు తీసుకున్నవారిలో 13 శాతం మందికి, తీసుకోని వారిలో 29 శాతం మందికి తిరగబెట్టింది. ఆశ కలిగించే తేడా, కానీ గణాంకాల లెక్కలో కొద్దిలో నిలబడలేదు. లోటు ఉంటే తీసుకోండి, మందుకు బదులుగా మాత్రం కాదు. మెథోట్రెక్సేట్, సల్ఫసలజీన్ వాడేవారికి ఫోలిక్ యాసిడ్ అవసరం. విడవని విరేచనాలు ఉన్నవారికి జింక్ కొన్ని వారాలు ఉపయోగం, ఎడాపెడా నెలల తరబడి వాడితే రాగి లోటు వస్తుంది.

వాపు తగ్గిస్తాయని అమ్మేవి: కర్కుమిన్, ప్రోబయోటిక్స్, చేపనూనె

మూడింటిలో పసుపులోని కర్కుమిన్‌కు కొంత దన్ను ఉంది, అదీ అల్సరేటివ్ కొలైటిస్‌లో, మెసలమిన్ అనే కొలైటిస్ మందుతో కలిపి. 2015లో 50 మంది మీద చేసిన అధ్యయనంలో రోజుకు 3 గ్రాములు తీసుకున్నవారిలో నెలకు సుమారు 54 శాతం మంది ఉపశమనం పొందారు, ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారిలో ఒక్కరూ పొందలేదు. ఇంకో అధ్యయనంలో రోజుకు 450 మిల్లీగ్రాములు ఇస్తే ప్రయోజనం కనబడలేదు. కాబట్టి మోతాదు చూడకుండా కొనడం డబ్బు దండగ, వంటలో వేసే పసుపుతో ఇది వచ్చేది కాదు. మిరియాల సారం కలిపిన కర్కుమిన్‌తో కాలేయం దెబ్బతిన్న కేసులు నమోదయ్యాయి. రక్తం పలచబరిచే మందులు వాడేవారు, పిత్తాశయంలో రాళ్లున్నవారు డాక్టర్‌ను అడగకుండా ముట్టుకోవద్దు.

ప్రోబయోటిక్స్ అన్నీ ఒకటి కావు, పేరు కాదు రకం చూడాలి. ఈ.కోలై నిస్సిల్ 1917 అనే రకం అల్సరేటివ్ కొలైటిస్ తిరగబెట్టకుండా చూడటంలో మెసలమిన్‌కు దీటుగా నిలిచింది. పెద్దపేగు తీసేసి, చిన్నపేగుతో లోపల సంచిలాంటి పౌచ్ కట్టినవారికి, ఆ పౌచ్‌లో వాపు మళ్లీ మళ్లీ వస్తుంటే ఎనిమిది రకాల మిశ్రమం ఒకటి పనికొస్తుంది. క్రోన్స్‌లో మాత్రం ఏ ప్రోబయోటిక్‌కూ చెప్పుకోదగ్గ ఫలితం లేదు. చేపనూనె మాత్రల సంగతి 2008లోనే తేలిపోయింది: క్రోన్స్ మీద రెండు పెద్ద అధ్యయనాలు, రోజుకు 4 గ్రాములు, తిరగబెట్టడంలో తేడా లేదు. చేప తినేవారు చేపనే తినండి.

మూలికల్లో ఒకదాని గురించి హెచ్చరించక తప్పదు. చింగ్‌దాయ్ అనే నీలిమందు పొడి కొలైటిస్‌లో నిజంగానే పనిచేస్తుంది. కానీ దాన్ని వాడినవారిలో ఊపిరితిత్తుల రక్తనాళాల్లో పీడనం ప్రమాదకరంగా పెరిగిన కేసులు బయటపడి, 2016లో జపాన్ ఆరోగ్య శాఖ హెచ్చరిక జారీ చేసింది. మొక్క నుంచి వచ్చింది కదా అని సురక్షితం అనుకోవద్దు.

ఎంచుకున్నాక ఎన్నాళ్లు చూడాలి

ఒకేసారి పథ్యం, మూడు సీసాలు, కొత్త మందు మొదలుపెడితే ఏది పనిచేసిందో ఎప్పటికీ తెలియదు. ఒక్కో మార్పుకు ఆరు వారాలు ఇవ్వండి, పన్నెండు వారాల లోపు కాల్‌ప్రొటెక్టిన్ మళ్లీ చేయించండి. లక్షణాలు తగ్గి అంకె కూడా తగ్గితే కొనసాగించండి. లక్షణాలు తగ్గి అంకె పెరుగుతుంటే పథ్యాన్ని పొగడటం ఆపి డాక్టర్‌ను కలవండి. అంకె మామూలుగా ఉండి బాధ తగ్గకపోతే పేగు వాపు కాకుండా వేరే కారణం వెతకాలి. ఈ కాలమంతా ప్రొటీన్ తగ్గనివ్వకండి: వ్యాధి ఉధృతంగా ఉన్నప్పుడు పెద్దవారికి కిలో బరువుకు రోజుకు 1.2 నుంచి 1.5 గ్రాములు కావాలి, నెమ్మదించాక 1 గ్రాము చాలు.

పథ్యంలో ఉండగా మీరు అనుకోకుండా బరువు నూటికి ఐదు వంతులు తగ్గితే, పిల్లల్లో ఎత్తు పెరగడం ఆగితే, ఆ పథ్యం ఎంత పేరున్నదైనా ఆపేసి డైటీషియన్‌ను కలవండి. జ్వరం, రాత్రి నిద్రలోంచి లేపే విరేచనాలు, రక్తం ఎక్కువగా పడటం, వాంతులతో పాటు గాలి కూడా పోకుండా పొట్ట బిగుసుకోవడం కనబడితే తిండిలో మార్పులతో కాలయాపన చేయకుండా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి.